శేషాలతో అల్లిన సంఖ్య: 142857

వృత్త వైశాల్యం లెక్కలు చేసిన ప్రతి విద్యార్థికీ ఈ సంఖ్య ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. పై (π) విలువకు 22/7 తీసుకోమంటారు. 22ని 7తో భాగిస్తే 3.142857142857... అని వస్తూనే ఉంటుంది. మనం 3.14 దగ్గర ఆపి లెక్కలోకి వెళ్ళిపోతాం. అసలు పై విలువ 3.14159 అంటూ సాగుతుంది కాబట్టి, వృత్తం వరకు ఆ తర్వాతి అంకెలతో మనకు పనిలేదు. కానీ ఆ అంకెలు వృత్తానివి కావు, 7వి. 1ని 7తో భాగించినా అవే ఆరు అంకెలు అదే వరుసలో వస్తాయి: 142857.

ఈ సంఖ్యను 2తో, 3తో, 4తో, 5తో, 6తో గుణించినా అంకెలు మారవు, వరుస కూడా చెదరదు, మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. గణిత వినోదాల పుస్తకాల్లో దీన్ని ఒక వింతగా చూపించి వదిలేస్తుంటారు. అలా వదిలేయడం నాకు నచ్చదు. ఇందులో మాయేమీ లేదు. నాలుగో తరగతి భాగహారంలో మనం ఓ పక్కకు రాసి మరిచిపోయే శేషాలే ఈ పనంతా చేస్తున్నాయి. భాగఫలం వచ్చిందా లేదా అన్నదే బడిలో ముఖ్యం, మిగిలింది మిగిలిందే. ఇక్కడ మాత్రం మిగిలినదాని మీదే కన్నేసి ఉంచాలి. అందుకే ఈ సంఖ్యను చేత్తో, మొదటి నుంచి తయారు చేద్దాం.

కావలసినవి: గళ్ళ కాగితం, పెన్సిల్, ఏడో ఎక్కం. క్యాలిక్యులేటర్ వద్దు. ఎనిమిది అంకెల తెర ఉన్న చిన్న క్యాలిక్యులేటర్ 0.1428571 అని చూపించి ఆగిపోతుంది. ముఖ్యమైన శేషాలనైతే అసలే చూపించదు.

భాగహారం

1లో 7 పోదు. భాగఫలంలో సున్నా వేసి, చుక్క పెట్టి, 1 పక్కన సున్నా దించండి. ఇప్పుడు చేతిలో 10 ఉంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఇలా సాగుతుంది:

10లో 7 ఒకసారి పోతుంది, శేషం 3
30లో 7 నాలుగుసార్లు (ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది), శేషం 2
20లో రెండుసార్లు (ఏడు రెళ్ళు పద్నాలుగు), శేషం 6
60లో ఎనిమిదిసార్లు (ఏడెనిమిదులు యాభై ఆరు), శేషం 4
40లో ఐదుసార్లు, శేషం 5
50లో ఏడుసార్లు (ఏడేళ్ళు నలభై తొమ్మిది), శేషం 1

మళ్ళీ 1 మిగిలింది. దాని పక్కన సున్నా దించితే మళ్ళీ 10. మొదట ఉన్న చోటికే వచ్చాం కాబట్టి ఇక మీదట వచ్చేవన్నీ పాత అంకెలే. గానుగెద్దులా లెక్క అదే బాటలో తిరుగుతుంది.

చాలామంది ఇక్కడితో భాగహారం అయిపోయిందనుకుంటారు. మన పని ఇక్కడే మొదలు. కాగితం మీద రెండు వరుసలు వేయండి. పై వరుసలో ప్రతి మెట్టుకూ ముందు చేతిలో ఉన్న శేషం, కింది వరుసలో ఆ మెట్టులో వచ్చిన అంకె:

శేషం: 1 3 2 6 4 5
అంకె: 1 4 2 8 5 7

ఈ పట్టీని చెరిపేయకండి. చివరిదాకా దీనితో పని ఉంది.

పై వరుసను కాసేపు చూడండి. 7తో భాగిస్తే మిగలగలిగేవి 0 నుంచి 6 వరకే. ఇందులో సున్నా మిగిలే అవకాశం లేదు. సున్నా మిగలాలంటే 10, 100, 1000 లాంటి సంఖ్యల్లో ఏదో ఒకటి 7తో నిశ్శేషంగా భాగింపబడాలి. వాటిలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేవు. ఇక మిగిలినవి 1, 2, 3, 4, 5, 6. ఆరింటికి మించి లేవు కాబట్టి ఆరు మెట్లలోపు ఏదో ఒక శేషం తిరిగి రాక తప్పదు. 7 ఆ ఆరింటినీ వాడుకుంది, ఒక్కటీ వదల్లేదు. మన సంఖ్య ప్రత్యేకతంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది. మిగతావన్నీ దీని వెంట వచ్చినవే.

తిప్పి చూడటం

ఇప్పుడు 2/7 కావాలనుకుందాం. కొత్తగా భాగహారం చెయ్యనక్కర్లేదు. చేతిలో 2 ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టినట్టే కదా. పట్టీలో శేషం 2 ఎక్కడుందో చూడండి: మూడో గడిలో. అక్కడి నుంచి కింది వరుస చదువుకుంటూ పోయి, చివరికొచ్చాక మళ్ళీ మొదటికి రండి: 2, 8, 5, 7, 1, 4. అంటే 2/7 = 0.285714... కాబట్టి 142857 × 2 = 285714. మిగతావీ అంతే:

× 3: శేషం 3 రెండో గడిలో, 428571
× 4: ఐదో గడిలో, 571428
× 5: ఆరో గడిలో, 714285
× 6: నాలుగో గడిలో, 857142

గుణకారం చేసి సరిచూసుకోండి. ఏ సంఖ్యతో గుణిస్తున్నామో అదే శేషం ఉన్న గడి నుంచి చదవడం, అంతే. అంకెలు తమంతట తాము తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, తిరుగుతున్నవి శేషాలు. అంకెలు వాటి వెంట నడుస్తున్నాయి.

7తో గుణిస్తే ఏమవుతుంది? పట్టీలో శేషం 7 లేదు. ఆరు మెట్లు నడిచాక 1 మిగిలిందంటే, 10,00,000ను 7తో భాగిస్తే 142857 భాగఫలం, 1 శేషం అని అర్థం. ఆ 1 తీసేస్తే మిగతాది సరిగ్గా భాగింపబడుతుంది. అందుకే 142857 × 7 = 999999. ఆరు తొమ్మిదులు. ఈ సమీకరణాన్ని గుర్తుంచుకుంటే ఇక మీదట వచ్చేవన్నీ సులువవుతాయి.

ఏడు దాటాక

8తో గుణించండి: 1142856. చూడటానికి వరుస చెడింది, అంకెలూ ఏడయ్యాయి. కుడివైపు నుంచి ఆరు అంకెలు లెక్కపెట్టి గీత గీయండి. ఎడమ పక్క 1, కుడి పక్క 142856. రెంటినీ కూడండి: 142857. 9తో గుణిస్తే 1285713; 1, 285713 కలిపితే 285714, అంటే రెండింతలు. 8ని 7తో భాగిస్తే మిగిలేది 1, 9ని భాగిస్తే మిగిలేది 2. ఇక్కడా శేషానిదే మాట.

నాకు ఇందులో బాగా ఇష్టమైన గుణకారం 365తో చేసేది. 142857 × 365 = 5,21,42,805. ఆరు అంకెల దగ్గర గీత గీస్తే ఎడమ 52, కుడి 142805. రెంటినీ కలిపితే 142857 తిరిగి వచ్చేసింది. ఆ 52 ఊరికే రాలేదు. ఏడాదికి 52 వారాలు, ఒక రోజు. 365 = 52 × 7 + 1 కాబట్టి గుణకారం లోపల 52 సార్లు 999999, దానికి తోడు ఒక 142857 ఉన్నాయి. 52 సార్లు 999999 అంటే 5,20,00,000లోంచి 52 తీసేయడమే. అలా తీసేసిన 52నే మనం ఎడమ పక్క నుంచి తెచ్చి తిరిగి కలిపాం. లీపు సంవత్సరానికి 366తో గుణిస్తే 5,22,85,662 వస్తుంది. 52, 285662 కలిపితే 285714. మామూలు ఏడాదిలో పుట్టినరోజు వారంలో ఒక రోజు ముందుకు జరగడం, మధ్యలో ఫిబ్రవరి 29 పడితే రెండు రోజులు జరగడం మనకు తెలిసిందే. సోమవారం పుట్టినరోజు మరుసటి ఏడు మంగళవారం వస్తుంది, లేదా బుధవారం వస్తుంది. ఆ ఒకటి, రెండులనే ఈ సంఖ్య తన పద్ధతిలో చూపించింది.

ముక్కలు చేసి కలపడం

142857ను మధ్యకు కోయండి. 142, 857. కలిపితే 999. రెండేసి అంకెల చొప్పున మూడు ముక్కలు చేయండి: 14, 28, 57. కలిపితే 99. విడివిడి అంకెలు కలిపితే 27, అది కూడా తొమ్మిది గుణిజమే.

మూడు ముక్కల సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. పట్టీలో రెండేసి గడులకు ఒకసారి ఆగితే కనిపించే శేషాలు 1, 2, 4. అంటే రెండేసి సున్నాలు ఒకేసారి దించుతూ భాగించినట్టు: 100లో 7 పద్నాలుగుసార్లు పోయి 2 మిగులుతుంది; 200లో ఇరవై ఎనిమిదిసార్లు పోయి 4 మిగులుతుంది; 400లో యాభై ఏడుసార్లు పోయి 1 మిగులుతుంది. ఈ మూడు లెక్కలనూ ఒకదాని కింద ఒకటి రాసి నిలువుగా కూడండి. భాగించబడినవి మొత్తం 700. మిగిలినవి 2 + 4 + 1, మొత్తం 7. కాబట్టి 7తో సరిగ్గా పోయింది 693. దాన్ని 7తో భాగిస్తే 99. అదే 14 + 28 + 57. శేషాల మొత్తం 7 అయింది కాబట్టే ముక్కల మొత్తం 99 అయింది.

సగం ముక్కలకూ అదే తర్కం. మూడు గడులకు ఒకసారి ఆగితే శేషాలు 1, 6. వాటి మొత్తం 7. 1000లో 142 పోయి 6 మిగిలింది, 6000లో 857 పోయి 1 మిగిలింది. కూడితే 7000లోంచి 7 పోయి 6993, దాన్ని 7తో భాగిస్తే 999. పట్టీని మధ్యకు కోసి ఒక సగం మీద మరో సగం పెడితే ఇది కళ్ళకు కనిపిస్తుంది: 1 మీద 6, 3 మీద 4, 2 మీద 5, ప్రతి జతా 7. కింది వరుసలో 1 మీద 8, 4 మీద 5, 2 మీద 7, ప్రతి జతా 9. ఒక ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు తిరిగి వచ్చే అంకెలు సరిసంఖ్యలో ఉంటే ఈ సగాల లెక్క ఎప్పుడూ నిలుస్తుందని ఫ్రాన్స్‌లో మిడీ అనే ఆయన 1836లో నిరూపించాడు. ఆ సిద్ధాంతానికి ఆయన పేరే ఉంది.

మూడు మెట్ల తర్వాత 6 మిగలడంలో ఇంకో సంగతి ఉంది. 1000ని 7తో భాగిస్తే 142 పోయి 6 మిగిలింది. మరో 1 చేరిస్తే 7 అయిపోయి భాగహారం తెగుతుంది. అందుకే 1001 = 7 × 143. మరి 999999 అంటే 999 × 1001 కదా, దాన్ని 7తో భాగిస్తే 999 × 143. మన సంఖ్య అదే. కాగితం లేకుండా 142857ను గుర్తు తెచ్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు: 143000లోంచి 143 తీసేయండి. ఇంకా విడగొడితే 143 = 11 × 13, 999 = 27 × 37. కాబట్టి 142857 = 3 × 3 × 3 × 11 × 13 × 37. చిత్రమేమిటంటే, 7 నుంచి పుట్టిన ఈ సంఖ్యలో 7 కారణాంకంగా లేదు.

మహావీరుని హారం

ఈ అంకెలను కొత్తగా కనిపెట్టిన వినోదం అనుకోకూడదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. గుణకారం నేర్పే చోట ఆయన కొన్ని లబ్ధాలను ఏరి ఇచ్చాడు. రెండు వైపుల నుంచి చదివినా ఒకేలా ఉండే ఆ సంఖ్యలను హారాలతో, కంఠాభరణాలతో పోల్చాడు. అందులో ఒకటి 142857143 × 7 = 1000000001. అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, నడుమ ఎనిమిది సున్నాలు.

మన పట్టీ ప్రకారం చూస్తే ఇది ఎలా కుదిరిందో తేలిపోతుంది. తొమ్మిది మెట్లు నడిస్తే 142857142 వస్తుంది, శేషం మళ్ళీ 6 దగ్గరే ఉంటుంది. చివర ఒక్కటి చేర్చగానే 7 నిండి, భాగఫలం ఒకటి పెరిగి 142857143 అవుతుంది. 1001కి చేసిన పనే ఇంకాస్త దూరం వెళ్ళి చేశాడాయన. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరుంది. లెక్కల అందం గురించి మాట్లాడటం మన భాషలో కొత్తేమీ కాదని చెప్పడానికి నేను ఈ సంగతిని గర్వంగానే ఎత్తుకుంటాను.

కుడి నుంచి ఎడమకు

భాగహారం లేకుండా ఈ సంఖ్యను ఇంకో దారిలో తయారు చేయవచ్చు. దీనికి ఐదో ఎక్కం చాలు. కాగితం కుడి చివర 7 వేయండి. దాన్ని 5తో గుణించి, వచ్చినదాని ఒకట్ల అంకెను ఎడమ పక్కన వేయాలి, పదుల అంకెను చేతిలో ఉంచుకోవాలి. తర్వాత కొత్తగా వేసిన అంకెను 5తో గుణించి, చేతిలోది కలపాలి.

7: ఐదేళ్ళు ముప్పై ఐదు, 5 వేసి చేతిలో 3
5: ఐదైదులు ఇరవై ఐదు, 3 కలిపితే 28, 8 వేసి చేతిలో 2
8: నలభై, 2 కలిపితే 42, 2 వేసి చేతిలో 4
2: పది, 4 కలిపితే 14, 4 వేసి చేతిలో 1
4: ఇరవై, 1 కలిపితే 21, 1 వేసి చేతిలో 2
1: ఐదు, 2 కలిపితే 7. చేతిలో ఏమీ లేదు, మొదటి అంకె తిరిగి వచ్చింది. ఆపేయండి.

ఎడమ నుంచి చదివితే 142857. ఎందుకు కుదిరింది? ఐదింతలు 714285 అని ఇందాక చూశాం. అంటే 5తో గుణిస్తే చివరి 7 ముందుకు వెళ్ళి, మిగతా అంకెలన్నీ ఒక స్థానం కుడికి జరుగుతాయి. కాబట్టి గుణకారం చేస్తుండగా ఒకట్ల స్థానంలో వచ్చే అంకె, అసలు సంఖ్యలో పదుల స్థానంలో ఉన్న అంకే. ముందు తెలియని అంకెను గుణకారమే చెబుతుంది. దాన్ని రాసుకుని మళ్ళీ గుణిస్తే ఆపై అంకెను చెబుతుంది. సంఖ్య తనను తానే రాసుకుంటుంది.

మూడో దారి కూడా ఉంది, దాన్ని త్వరగా చెప్పేస్తాను. 14 రాయండి. రెండు స్థానాలు కుడికి జరిగి దాని రెట్టింపు 28, మరో రెండు స్థానాలు జరిగి 56, ఆపైన 112, 224, 448 అంటూ సాగుతూ పోండి. అన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి కూడితే 14 28 57 14 28 57... అని వస్తుంది. 56 పక్కన 112లోని వంద వచ్చి చేరడంతో అది 57 అయింది. 14ని 98తో, అంటే రెండు తక్కువ నూరుతో భాగించడమే ఈ పని. 14/98 అంటే 1/7.

వర్గం

కొంచెం ఓపిక చేసుకుని 142857ను దానితోనే గుణించండి. 20408122449 వస్తుంది. కుడి నుంచి ఆరు అంకెల దగ్గర గీత గీయండి: 20408, 122449. కూడితే 142857.

ఇలా వర్గాన్ని రెండు ముక్కలు చేసి కలిపితే తిరిగి తానే వచ్చే సంఖ్యలను కాప్రేకర్ సంఖ్యలంటారు. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ (1905–1986) వీటిని వెతికి పట్టాడు. 45 వర్గం 2025, 20 + 25 = 45. 297 వర్గం 88209, 88 + 209 = 297. పెద్ద పదవులేవీ లేకుండా, బడి జీతంతో బతుకుతూ, జీవితమంతా సంఖ్యలతో గడిపిన మనిషి. ఆయన పేరు మన లెక్కల తరగతుల్లో ఇంకా ఎక్కువగా వినపడాలి.

142857 ఎందుకు కాప్రేకర్ సంఖ్య అయింది? 142857ను 7తో భాగించి చూడండి. 20408 పోయి 1 మిగులుతుంది. ఇక్కడా అదే శేషం. అంటే 142857 = 7 × 20408 + 1. దీన్ని మళ్ళీ 142857తో గుణిస్తే, 142857 × 7 అన్నచోట 999999 పెట్టుకోవచ్చు. కాబట్టి వర్గం = 999999 × 20408 + 142857. మొదటి భాగం 20408000000లోంచి 20408 తీసేసినది. 365 లెక్కలో 52 తీసేసి తిరిగి కలిపినట్టే ఇక్కడ 20408 తీసేసి తిరిగి కలుపుతున్నాం. రెండు లెక్కలూ ఒకటే.

పెద్దది తయారు చేయడం

ఇలాంటిది ఇంకొకటి కావాలంటే ఏ సంఖ్యతో భాగించాలి? శేషాలన్నింటినీ వాడుకునే ప్రధాన సంఖ్య కావాలి. వరుసగా ప్రయత్నిద్దాం. 11 పనికిరాదు, 1, 10 అని రెండే శేషాలు చూసి వెనక్కి వచ్చేస్తుంది: 0.0909... 13 కాస్త ముందుకు వెళ్తుంది కానీ, పన్నెండు శేషాల్లో ఆరింటినే తాకుతుంది: 1, 10, 9, 12, 3, 4. అంకెలు 076923. మిగతా ఆరు శేషాలు 2, 7, 5, 11, 6, 8 వేరే బాటలో ఉంటాయి, వాటి అంకెలు 153846. కాబట్టి 076923ను 3తో గుణిస్తే 230769 అని చక్కగా తిరుగుతుంది, 2తో గుణిస్తే మాత్రం రెండో బాటలోకి పోయి 153846 అవుతుంది. 13 దగ్గర ఒకటే బాట లేదు, రెండున్నాయి.

17 దగ్గర పని పూర్తిగా నెరవేరుతుంది. పదహారు మెట్లు, పదహారు శేషాలు: 1, 10, 15, 14, 4, 6, 9, 5, 16, 7, 2, 3, 13, 11, 8, 12. ఒక్కటీ రెండోసారి రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు. అంకెలు 0588235294117647. ముందున్న సున్నాను వదిలేయకూడదు, అది లేకపోతే తిరగడం కుదరదు. రెండింతలు చేయాలంటే పట్టీలో శేషం 2 ఉన్న గడి నుంచి చదవండి: 1176470588235294. సగానికి కోసి కలిపితే 05882352 + 94117647, ఎనిమిది తొమ్మిదులు.

నూరు లోపు ఇలాంటి ప్రధాన సంఖ్యలు తొమ్మిది: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. ముందు సున్నా లేకుండా మొదలయ్యే సంఖ్యనిచ్చేది 7 ఒక్కటే, ఎందుకంటే మిగతావన్నీ 10 కంటే పెద్దవి. ఇదంతా మనం పదుల లెక్కలో రాస్తున్నంతవరకే అని కూడా గుర్తుంచుకోవాలి. ఎనిమిదుల లెక్కలో రాస్తే 1/7 అంటే 0.111... అంతే; ఎనిమిదిని ఏడుతో భాగిస్తే వెంటనే 1 మిగులుతుంది, శేషాలకు నడిచే బాటే ఉండదు.

1801లో అచ్చైన తన అంకగణిత గ్రంథంలో గణితవేత్త గౌస్ ఈ భిన్నాల్లో తిరిగి వచ్చే అంకెల వరుసలను శ్రద్ధగా చర్చించి, పట్టికలు కూడా ఇచ్చాడు. ఎన్ని మెట్లకు 1 తిరిగి వస్తుందన్న ప్రశ్న ఆయన చేతిలో వినోదం నుంచి సిద్ధాంతంగా మారింది. 1927లో ఎమిల్ ఆర్టిన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్ళాడు. ఇలా శేషాలన్నింటినీ తిరిగి వచ్చే ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉంటాయని, మొత్తం ప్రధాన సంఖ్యల్లో వాటి వాటా దాదాపు 37.4 శాతమని ఆయన ఊహ. నూరు లోపు 25 ప్రధాన సంఖ్యల్లో తొమ్మిది, అంటే 36 శాతం. 1967లో క్రిస్టఫర్ హూలీ దీన్ని నిరూపించాడు గానీ, సాధారణీకరించిన రీమన్ పరికల్పన నిజమని అనుకుని. ఆ ఊత లేకుండా, పదుల లెక్కలో ఇలాంటి ప్రధాన సంఖ్యలు అనంతమని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. నాలుగో తరగతి భాగహారం నుంచి ఇంత దగ్గరి దారిలో ఇంత లోతైన ప్రశ్నకు చేరడం నన్ను ప్రతిసారీ నిలబెట్టేస్తుంది.

మీరు సొంతంగా ఒకటి తయారు చేయాలనుకుంటే 19 తీసుకోండి. పందొమ్మిదో ఎక్కం రాకపోయినా పర్లేదు. 7కు కుడి నుంచి 5తో గుణించినట్టు, 19కి కుడి నుంచి 2తో గుణించాలి. కుడి చివర 1 వేసి రెట్టింపు చేస్తూ ఎడమకు నడవండి: 1, 2, 4, 8, ఎనిమిది రెట్టింపు 16, 6 వేసి చేతిలో 1, ఆరు రెట్టింపు 12, ఒకటి కలిపితే 13, 3 వేసి చేతిలో 1, మూడు రెట్టింపు 6, ఒకటి కలిపితే 7. అలా సాగితే పద్దెనిమిదో అంకె 0 వస్తుంది, చేతిలో 1 ఉంటుంది. సున్నా రెట్టింపుకు ఆ ఒకటి కలిస్తే మొదటి 1 తిరిగి వచ్చినట్టే, అక్కడ ఆపాలి. ఎడమ నుంచి చదివితే 052631578947368421. తొమ్మిదేసి అంకెలుగా కోసి కూడండి. తొమ్మిది తొమ్మిదులు రావాలి. రాకపోతే దారిలో ఎక్కడో చేతిలో ఉన్న ఒకటిని కలపడం మరిచిపోయారన్నమాట. కుడి చివర నుంచి మళ్ళీ చూసుకోండి.